పాత కట్టెనా, కొత్త బోర్డా: ఇంటి సామాను ఎంచుకునే ముందు

పోయిన ఏడాది ఎండాకాలంలో దేవరకొండ పక్కన మా ఊళ్లో పాత ఇల్లు విప్పించాం. గూన పెంకుల ఇల్లు. నాన్న పోయాక అందులో ఎవరూ ఉండటం లేదు, రెండు వానాకాలాలకే ఒక పక్క గోడ జారింది. ఇల్లు కూల్చడానికి వచ్చిన మేస్త్రీ గోడల వైపు చూడనే లేదు, పైకి చూశాడు. చూసి, “కూల్చుడుకు పైసలేం వద్దు మేడం, కట్టె మాకిడిసిపెట్టుండ్రి, సాలు” అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. నలుగురు మనుషులు వారం రోజులు ఎండలో చేసే పని ఉత్తపుణ్యానికి ఎవరు చేస్తారు?

ఆ సాయంత్రమే టేపు తెచ్చి దూలాలు కొలిచాం. లెక్క తేలికే. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. సామిల్లులో దాన్నే సీఎఫ్‌టీ అంటారు. మా దూలం 8 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం. అంటే 1.33 సీఎఫ్‌టీ. అలాంటివి 11. దూలాల్లోనే పద్నాలుగున్నర సీఎఫ్‌టీ నల్లమద్ది, టేకు కలిసి ఉన్నాయి. తలుపులు, కిటికీలు, వాసాలు వేరే. మరుసటి రోజు మేస్త్రీకి కూలి మాట్లాడుకున్నాం, కట్టె మాదే అని చెప్పేశాం. ఆయన మొహం చిన్నబోయింది గానీ పని మాత్రం బాగానే చేశాడు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. తమ్ముడు మహబూబ్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. వాడి ఫోన్‌లో అప్పటికే ఒక సెట్టు ఫొటో ఉంది: మంచం, మూడు తలుపుల వార్డ్‌రోబ్, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా, అన్నీ ఒకే రంగు, అన్నీ ఈఎంఐ. “అక్కా, గా పాత సామానంతా తెచ్చి ఏడ పెడ్తవ్? కొత్తింట్ల పాత కట్టేందని నీ మరదలు ఊకుంటదా?” అన్నాడు. నిజం చెప్పాలంటే మరదలు ఏమీ అనలేదు, వాడికే ఇష్టం లేదు.

నాలుగు నెలలు నడిచింది ఈ పంచాయితీ. ఆ నాలుగు నెలల్లో మా ఊరి వడ్లాయన (వడ్రంగి) దగ్గర, సామిల్లులో, షాపుల్లో తెలుసుకున్నవి, మేం చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నా.

ఒక్క ప్రశ్న

పాతదా కొత్తదా అని మొదలుపెడితే ఇంట్లో మాటామాటా పెరగడం తప్ప ఏమీ తేలదు. పాతవన్నీ బంగారం కావు, కొత్తవన్నీ చెత్త కావు. వడ్లాయన ఏ వస్తువు చూపించినా ముందు దాన్ని బోర్లా వేసి, సందులు చూసేవాడు. “ఇప్పచ్చునా, మల్ల బిగియ్యచ్చునా సూడు బిడ్డా. రంగెవడైనా ఏస్తడు” అనేవాడు. నాకు అదే కొలబద్ద అయిపోయింది. విరిగితే విప్పి, విరిగిన ముక్క ఒక్కటే మార్చి, మళ్లీ బిగించగలిగితే ఆ వస్తువు ఉంచుకోదగింది, కొనదగింది కూడా.

మా తాత నాటి మంచం చూడండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. కోడులో తొలిచిన బెజ్జంలోకి పట్టె కొన దిగుతుంది, అంతే. ఒక్క మేకు లేదు. పట్టె విరిగితే పట్టె మార్చుకోవాలి, నులక తెగితే నులక అల్లుకోవాలి. ఊరు మారితే విప్పి కట్ట కట్టి బస్సు మీద వేసేవాళ్లు. 1859లో వియన్నా కేంద్రంగా మైఖేల్ థోనెట్ తెచ్చిన 14వ నంబరు కుర్చీ ప్రపంచమంతా తిరిగింది ఇదే ఒడుపుతో. 6 ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. మన మంచానికి ఆ పది స్క్రూలు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు పార్టికల్ బోర్డు సంగతి. అది చెక్క పొట్టునూ తునకలనూ జిగురుతో కలిపి వేడిగా అదిమిన అట్ట. స్క్రూ ఒకసారి దిగుతుంది. విప్పి మళ్లీ అదే బెజ్జంలో బిగిస్తే పొడి రాలుతుంది, పట్టు ఉండదు. మా స్కూల్లో ఒక టీచర్ గారు ట్రాన్స్‌ఫర్ల మీద మూడు ఊళ్లు తిరిగారు. మొదటి ఊరిలో నిలువుగా ఉన్న ఆమె వార్డ్‌రోబ్ రెండో ఊరికి వంగింది, మూడో ఊరికి చేరనే లేదు. బదిలీల ఉద్యోగమైతే, అద్దె ఇళ్లయితే, రంగు కంటే ధర కంటే ముందు ఈ సంగతి ఆలోచించండి.

పాతదాన్ని నమ్మే ముందు

పాత వస్తువు ఉంచాలా వద్దా అన్నది పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఒక మొద్దుబారిన స్క్రూడ్రైవర్ చాలు. కోళ్ల కింద, గోడకు ఆనిన వెనక భాగంలో, నేలకు తగిలే చోట గట్టిగా పొడవండి. టక్కున ఆగితే మంచిది. మెత్తగా దిగితే లోపల చెదలు తిన్నట్టు. చెదలు పైపొర ముట్టకుండా లోపల డొల్ల చేస్తాయి, కాబట్టి కంటిని నమ్మొద్దు. వేళ్లతో తట్టి చూస్తే కుండ చప్పుడులా తేడా తెలుస్తుంది.

సన్నటి గుండ్రటి బెజ్జాలు, వాటి కింద మెత్తటి పిండి రాలి ఉంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. పాత బెజ్జాలు నల్లగా, దుమ్ము పట్టి ఉంటాయి. పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. తెల్లటి కొత్త పిండి రాలుతుంటే మాత్రం ఇంట్లోకి తేవద్దు. కింద నల్ల గుడ్డ పరిచి వారం చూస్తే తెలిసిపోతుంది. మా సందుగకు ఇలాగే చేశాం. పాలిష్ గీకేసి, పచ్చి కట్టె మీద బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన వేడి నీళ్లు రెండు మూడు పూతలు పూశాం. పాలిష్ ఉండగా పూస్తే లోపలికి ఇంకదు, ఇది చాలామంది చేసే తప్పు.

ఇక కట్టె ఏమిటన్నది. చిన్నచోట రందా (చిత్రిక) వేసి చూడండి. టేకైతే లోపల తేనెరంగు, వేలికి కాస్త నూనెజిడ్డు, తోలు లాంటి వాసన. నల్లమద్ది ముదురు గోధుమ రంగు, నల్ల చారలు, ఎత్తితే బరువు తెలుస్తుంది. జిట్రేగి (రోజ్‌వుడ్) ఊదా నలుపు. అది దొరికితే పండగే, ఎందుకంటే ఆ జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. అచ్చంపేట దిక్కు పాత ఇళ్లలో నల్లమల కట్టె ఇంకా కనిపిస్తుంది. ఆ అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడి చెట్టు మీద గొడ్డలి పడటానికి లేదు. అంటే అలాంటి దూలం ఇక కొత్తగా రాదు. వేప, తుమ్మ కూడా తీసిపారేయొద్దు, కోళ్లకు, బల్ల కాళ్లకు గట్టి కట్టెలు. మామిడి కట్టె చవక, చూపుకు బాగుంటుంది, కానీ పురుగుకు మహా ఇష్టం. కొల్లాపూర్ వైపు తోటలు తీసేసినప్పుడు దొరికిందని మురిసిపోకుండా ముందు మందు పట్టించండి.

తెల్ల కట్టె, చేవ తేడా కూడా చూడాలి. చెట్టు బయటి పొర తెల్లగా ఉంటుంది, పురుగులు తినేది దాన్నే. లోపలి చేవను అంత సులువుగా ముట్టవు. ఇప్పుడు మార్కెట్‌లో టేకు పేరుతో వచ్చేదాంట్లో పొలం గట్ల మీద పెంచి లేత వయసులో కొట్టినది చాలా ఉంటుంది. అందులో తెల్ల కట్టె వాటా ఎక్కువ. మా తాత నాటి వేప తలుపు, నిన్నటి లేత టేకు తలుపు పక్కపక్కన పెడితే నేను వేపే తీసుకుంటా.

ఉన్నదాన్నే బాగు చేయించడం

అన్నిటికంటే చవకైన దారి ఇదే, ఎవరికీ పట్టనిదీ ఇదే. ఊగే కుర్చీకి కావాల్సింది కొత్త కుర్చీ కాదు. కూసాలు వదులైతే విప్పి, పాత జిగురు గీకేసి, కొత్త జిగురు పెట్టి, ఒక రాత్రి తాడుతో బిగించి కట్టేస్తే పదేళ్లు ఊగదు. మేకు కొట్టి సరిపెట్టే వడ్రంగిని మాత్రం దగ్గరికి రానీయకండి. మేకు కట్టెను చీలుస్తుంది, ఆ తర్వాత ఎవరూ బాగు చేయలేరు.

ఇనుప బీరువా గురించి రెండు ముక్కలు. ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది, పెళ్లిలో వచ్చింది. అడుగున తుప్పు పడుతుంది, ఎందుకంటే మనం బండలు కడుగుతాం, నీళ్లు దాని కిందికి పోతాయి. తుప్పు గీకించి, అడుగు రేకు వెల్డింగ్ చేయించి, రంగు కొట్టించి, కింద నాలుగు చెక్క దిమ్మెలు పెట్టండి. ఇంకో తరం వాడుతుంది. దాన్ని పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన అమ్మి బోర్డు వార్డ్‌రోబ్ కొనడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. తమ్ముడు ఇప్పటికీ ఒప్పుకోడు.

రంగు గీకేటప్పుడు జాగ్రత్త. పాత తలుపుల మీద ఆకుపచ్చ, నీలం ఎనామిల్ రంగులు పొరలు పొరలుగా ఉంటాయి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో ఎంత ఉందో చూస్తే తెలియదు. పొడిగా ఉప్పుకాగితం పట్టి రుద్దితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతుంది. నేను మొదటి కిటికీ వరండాలో కూర్చుని పొడిగానే రుద్దాను, పక్కన మేనకోడలు ఆడుకుంటోంది. తర్వాత తెలిసి రెండు రోజులు టెన్షన్ పడ్డా. తడి చేసి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, కింద పట్టా పరిచి ఆ చెత్తంతా మూట కట్టేయండి, పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి.

పాలిష్‌కు మేం వేడి చేసిన అవిసె నూనె వాడాం. గీత పడితే మనమే మళ్లీ రుద్దుకోవచ్చు. పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మెరుస్తుంది, నీళ్లకు తట్టుకుంటుంది, కానీ పాడైతే అంతా గీకి మొదటి నుంచి వేయాలి. డైనింగ్ టేబుల్‌కు పీయూ, మిగతావాటికి నూనె అన్నది నా పద్ధతి. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

దూలం నుంచి బల్ల దాకా

ఇది ఆశగా మొదలుపెట్టి సగంలో విసిగిపోయే దారి. ఓపిక ఉంటేనే దిగండి. అయినా నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

పాత దూలానికి ఉన్న పెద్ద గుణం, అది ఎండింది. కొత్త కట్టె ఎంత ఆరబెట్టామన్నా మన మే నెల ఎండకు ఇంకా ఒంకర పోతుంది. దశాబ్దాల తరబడి పెంకుల కింద ఎండకు ఎండి, వానకు ఉబ్బి, మళ్లీ ఎండిన దూలం ఇక పోయే ఒంకరలన్నీ అప్పుడే పోయింది. పర్యావరణం లెక్కన చూసినా పొడి కట్టె బరువులో దాదాపు సగం కర్బనమే. మా దూలం ఒకటి ఇరవై నాలుగు కిలోలు తూగింది. కాలిస్తే సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. బల్లగా ఉన్నన్నాళ్లూ అదంతా ఇంట్లోనే ఉంటుంది. ఊళ్లో మాత్రం ఇలాంటి దూలాల్ని పెళ్లిళ్లప్పుడు పొయ్యిలో పెట్టడం కళ్లారా చూశాను.

మా తప్పు మేకుల దగ్గర జరిగింది. పైకి కనిపించినవన్నీ పీకేశాం అనుకుని నల్గొండలో ఒక సామిల్లుకు తీసుకెళ్లాం. రెండో దూలంలోనే రంపం పళ్లు విరిగాయి. లోపల తల తెగిన పాత మేకు, అసలు కనిపించనిది. బ్లేడు డబ్బులు మా దగ్గరే వసూలు చేశారు, న్యాయమే. ఆ తర్వాత లౌడ్‌స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి ప్రతి దూలం మీదా నడిపించాం. దారం ఎక్కడ లాగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు. నల్లమద్దిలో మేకు ఉన్నచోట చుట్టూ సిరా మరకలా నల్లబడి ఉంటుంది, కట్టెలోని వగరు ఇనుముతో కలిసి అలా అవుతుంది. కాబట్టి కంటితో కూడా వెతకొచ్చు. ఆ మరక పోదు. పోవాలని నేననుకోలేదు.

కోతలో తరుగు ఉంటుంది. పగుళ్లు, మేకు బెజ్జాలు, పుచ్చిన కొనలు తీసేస్తే మాకు మూడో వంతు పోయింది. కాబట్టి బల్లకు కావాల్సిన కట్టె లెక్క వేసుకుని, దానికి సగం అదనంగా కలుపుకుని ఉంటేనే దిగండి.

తలుపుతో డైనింగ్ టేబుల్ చేయించుకోవాలని చాలామందికి ఆశ. ఫొటోల్లో బాగుంటుంది. మన పాత దర్వాజలు రెండు రెక్కలవి, ఒక్కో రెక్క పదిహేను పదహారు అంగుళాలే, పైగా బోడిపెలు, చెక్కడాలు. రెండు రెక్కలూ కలిపినా రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల లోపు పొడవు. భోజనానికి కూర్చున్న మనిషికి రెండడుగుల జాగా కావాలి. అంటే పక్కకు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవాలి. పైన అద్దం వేయకపోతే చారు చెక్కడాల్లో చేరుతుంది. అద్దం వేస్తే అద్దం మీద అన్నం తిన్నట్టుంటుంది. అందుకే మేం దర్వాజను దర్వాజగానే ఉంచాం, కొత్తింట్లో పూజగదికి పెట్టించాం. టేబుల్ మాత్రం దూలాల పలకలతో చేశారు. ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ కూర్చునే ఎత్తు 18. ఈ రెండు కొలతలు వడ్లాయనకు ముందే చెప్పండి. పాత కుర్చీలు ఎత్తు తక్కువగా ఉంటే టేబుల్ దగ్గర పిల్లల్లా కూర్చోవాల్సి వస్తుంది.

మీ దర్వాజ నిజంగా నూరేళ్లు దాటిన చెక్కడమైతే తొందరపడి ఎవరికీ అమ్మొద్దు. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వాళ్లు దేశం దాటించడానికి అసలు వీల్లేదు. ఊళ్లలో తిరిగి తలుపులు కొనేవాళ్లు ఇది చెప్పరు. పాతసామాను విలువ తెలియక పోగొట్టుకోవడం ఊళ్లలోనే జరుగుతుందనుకోకండి. చండీగఢ్‌లో 1950ల్లో స్విస్ ఆర్కిటెక్ట్ పియెర్ జన్నెరె రూపం ఇచ్చిన టేకు, బెత్తం కుర్చీల్ని ప్రభుత్వ ఆఫీసులు తుక్కు కింద వేలం వేశాయి. అవే కుర్చీలు విదేశాల్లో లక్షలకు అమ్ముడయ్యాయి. 2011లో గానీ కేంద్రం అడ్డుకట్టకు ఆదేశం ఇవ్వలేదు.

ఇల్లు విప్పేముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, ముక్కల లెక్క, కొలతలు రాసుకోండి. టేకు ట్రాలీలో వేసి జిల్లా దాటిస్తుంటే దారిలో ఆపి కాగితాలు అడగొచ్చు. మేం ముందే ఫారెస్టు రేంజి ఆఫీసుకు వెళ్లి ఏమేం కావాలో అడిగి రాసుకొచ్చాం. ఒక పూట పోయింది, దారిలో తలనొప్పి లేదు. పెరట్లో చెట్టు కొట్టించి కట్టె చేద్దామనుకునేవాళ్లకు కూడా ఇదే మాట. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు

ఇంట్లో పాతవేమీ లేనివాళ్లకు ఇది మంచి దారి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ దాకా పోనక్కర్లేదు. బదిలీ మీద వెళ్లే ఉద్యోగులు, మూతపడే లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, ఆఫీసులు అమ్ముతూనే ఉంటాయి. టేబుళ్లు, అల్మారాలు, ఇనుప ర్యాకులు కళ్లు మూసుకుని కొనొచ్చు. సోఫా, పరుపు మాత్రం ఎంత చవకైనా వద్దు. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. ఎండలో పెట్టాం కదా అంటే, మన ఎండ పైన బట్టను కాలుస్తుంది గానీ లోపలి స్పాంజి దాకా పోదు. వట్టి చెక్క మంచమైతే సందుల్లో మరిగే నీళ్లు పోయడం మన అమ్మమ్మలు చేసిన పనే, ఇప్పటికీ పనిచేస్తుంది. సోఫా నచ్చితే చెక్క చట్రం ఒక్కటే బేరమాడి, స్పాంజి, గుడ్డ కొత్తవి వేయించుకోండి. నారాయణపేట, పోచంపల్లి మనకు పక్కనే. సోఫా గుడ్డ కోసం ఎక్కడెక్కడికో పోనక్కర్లేదు.

కొత్తదే కావాలంటే

తమ్ముడి పక్షాన కూడా మాట్లాడాలి. వంటింటి కప్‌బోర్డులకు పాత కట్టె పనికిరాదు. అక్కడ సరైన సైజులు, నునుపైన పలకలు, తడికి తట్టుకునే గుణం కావాలి. దానికి మంచి ప్లైవుడ్డే మేలు. షాపులో “వాటర్‌ప్రూఫ్” అన్న మాట నమ్మకుండా పలక మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 మామూలు ప్లైవుడ్, హాల్లో, పడకగదిలో సరిపోతుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్, సింకు కింద అదే ఉండాలి. ఐఎస్ 3087 ఉంటే పార్టికల్ బోర్డు, ఐఎస్ 12406 ఉంటే ఎండీఎఫ్ (చెక్క నారను అదిమిన బోర్డు). “ఇంజినీర్డ్ వుడ్” అని తియ్యగా చెప్పేది సాధారణంగా ఈ చివరి రెండింట్లో ఒకటి. అడిగితే సేల్స్ కుర్రాడు కాస్త నసుగుతాడు, పలక వెనక అంచు చూపించమనండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, సున్నుండ తునిగినట్టు ఉంటే పార్టికల్ బోర్డు.

బోర్డుల్లో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. కొత్త అల్మారా తెరవగానే కళ్లు మండేది దానివల్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. బోర్డే కొనాల్సి వస్తే ఈ-1 గ్రేడు (ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలేది) అడగండి, తలుపులు తెరిచి కొన్నాళ్లు గాలికి పెట్టండి. ఏసీ వేసి తలుపులు మూసే పిల్లల గదిలో మాత్రం నేను పెట్టను.

కొత్త కట్టె సామాన్లలో రబ్బర్ వుడ్ మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్ల నుంచి వస్తుంది కాబట్టి దానికోసం వేరే అడవి కొట్టరు. పురుగు మందు పట్టించినదో కాదో అడిగి తీసుకోవాలి.

మరి ఎంత ఖర్చు దాకా?

రూపాయల్లో చెప్తే ఊరికో రేటు, వచ్చే ఏడాదికి పనికిరాదు. నేను వేసుకునే లెక్క ఇది. అదే సైజు వస్తువు మంచి ప్లైవుడ్‌తో కొత్తగా చేయిస్తే ఎంతవుతుందో ముందు అడుగుతా. బాగుచేత ఖర్చు అందులో సగం లోపు ఉంటే మరో ఆలోచన లేదు. కట్టె టేకో, నల్లమద్దో, జిట్రేగో అయితే ముప్పావు దాకా వెళ్తా. అంతకు మించితే, అది తాతల నాటిదైనా సరే, విప్పి మంచి ముక్కలు తీసుకుని మిగతాది వదిలేస్తా. మా ఇంట్లో ఒక డ్రాయర్ల బల్ల అలాగే పోయింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. దాని పైపలక ఇప్పుడు తన గదిలోనే గోడ అర, మందుల డబ్బాలన్నీ దాని మీదే ఉంటాయి.

ఈ లెక్కలో మన టైమ్ కూడా కలపండి. మా టేబుల్‌కు వడ్లాయన, ఆయన కొడుకు కలిసి ఆరు రోజులు పనిచేశారు. కానీ వాళ్లు దొరకడానికి ఏడు వారాలు పట్టింది. గృహప్రవేశం వచ్చే నెల ఉంటే దూలాల జోలికి పోకండి, కొని తెచ్చుకోండి. దూలాలు ఎక్కడికీ పోవు. వాటిని నేల మీద కాకుండా ఇటుకల మీద, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి, పైన రేకు కప్పండి చాలు. మా మేనత్త అత్తగారివాళ్లు శ్రీశైలం ముంపులో ఊరు వదిలినప్పుడు కొల్లాపూర్ దిక్కు నుంచి దూలాలు బండ్ల మీద తెచ్చుకుని, నాలుగేళ్లు అలాగే పేర్చి ఉంచి, ఆ తర్వాత ఇల్లు కట్టుకున్నారట.

చివరికి తమ్ముడి ఇంట్లో ఏది ఎలా తేలిందంటే: వంటింట్లో మెరైన్ ప్లైవుడ్, పడకగదిలో వాడు ముచ్చటపడ్డ కొత్త మంచం, పక్కన రంగు కొట్టించిన అమ్మ బీరువా, హాల్లో చట్రం పాతదీ గుడ్డ కొత్తదీ అయిన సోఫా, వరండాలో నవారు మంచం. వార్డ్‌రోబ్ కొనలేదు. దూలాల టేబుల్ మధ్యలో ఉంది.

ఆ టేబుల్ గురించి ఒక సంగతి మిగిలింది. ఈ మే నెలలో తమ్ముడు ఫోన్ చేశాడు. రెండు పలకల మధ్య సందు వచ్చింది, రూపాయి బిళ్ల దూరుతోంది, ఇదేనా నీ ఎండిన కట్టె అని దెప్పాడు. పుట్టీ పెట్టించేస్తానన్నాడు. వడ్లాయనకు ఫోన్ కలిపాను. “జరంత సందయితది బిడ్డా, ఎండలకు మనిషే ఎండుకపోతడు. పుట్టీ పెడితే వానలకు ఉబ్బి పలుకలు లేస్తయి. ముట్టొద్దని చెప్పు” అన్నాడు. వానాకాలంలో డ్రాయర్ బిగుసుకుందని మా స్కూల్ బల్లకు రందా పట్టించి, ఎండాకాలం అది లొడలొడ ఊగడం నేనూ చూశాను కాబట్టి గట్టిగానే వద్దన్నాను. ఆగస్టులో రాఖీకి వెళ్లినప్పుడు వాడు చూడకుండా రూపాయి బిళ్ల పెట్టి చూశా. దూరలేదు.